ఒత్తిడి పరీక్షలో కూలి లెక్క ఏదీ?

2010 అక్టోబరు 15న హైదరాబాదులో ఒక ఆర్డినెన్స్ వెలువడింది. దాని దెబ్బకు ఎక్కడో తెలుగు మాటే వినపడని జిల్లాల్లో రోజు కూలి తగ్గింది. ఆ కూలీల్లో సూక్ష్మ రుణం ముఖం చూడనివాళ్లూ ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థల వసూళ్లకు ముకుతాడు వేయడానికి తెచ్చిన చట్టం తమ కూలి డబ్బుల్లోంచి కోత కోస్తుందని వాళ్లు ఊహించే వీలే లేదు. ఆర్డినెన్స్ రాసిన అధికారులూ ఊహించలేదు. ముంబయిలోని రిజర్వు బ్యాంకు కూడా అప్పటికి ఆ కోణంలో ఆలోచించిన దాఖలాలు కనిపించవు.

ఈ సంగతిని తవ్వి తీసినవారు ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. వారి పరిశోధన 2021లో ‘క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్’లో అచ్చయింది. వారు ఆంధ్రప్రదేశ్‌ను పక్కనపెట్టి, మిగతా దేశంలోని జిల్లాలను చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువగా అప్పులిచ్చి చిక్కుకుపోయిన సంస్థలు ఏయే జిల్లాల్లో పనిచేస్తున్నాయి, అలాంటి సంస్థలు లేని జిల్లాలు ఏవి అని విడదీశారు. ఇక్కడ వసూళ్లు ఆగిపోవడంతో ఆ సంస్థల చేతిలో డబ్బు ఎండిపోయింది. వాటికి అప్పులిచ్చే బ్యాంకులు భయపడి వెనక్కి తగ్గాయి. దాంతో వాయిదాలు ఠంచనుగా కడుతున్న వేరే రాష్ట్రాల మహిళలకు కూడా కొత్త అప్పు పుట్టలేదు. ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద సూక్ష్మ రుణాల నిల్వ ఐదో వంతు పడిపోయింది. అప్పు పుట్టని ఇంట్లో ఖర్చు తగ్గింది, కొట్టు పెట్టాలనుకున్న ఆమె ఆగిపోయింది, ఇంటికి గది వేయాలనుకున్నాయన వాయిదా వేసుకున్నాడు. ఆ కొట్టుకు సరుకు మోసే మనిషికి, ఆ గోడ కట్టే మనిషికి పని తగ్గింది. గ్రామాల్లో రోజు కూలి పడిపోయింది, కుటుంబాల కూలి ఆదాయం పడిపోయింది, తిండికీ బట్టకూ పెట్టే ఖర్చూ పడిపోయింది.

ఒక రాష్ట్రంలోని రుణ సంక్షోభం మరో రాష్ట్రంలోని అడ్డా కూలీ దాకా ఏ దారిన వెళ్లిందో ఇంత స్పష్టంగా చూపిన పరిశోధనలు ప్రపంచంలోనే తక్కువ. ఆ దారి మొదలైంది మన గడ్డ మీద. అయినా తెలుగు పత్రికల్లో ఆర్డినెన్స్ గురించి రాసినదాంట్లో పాతికో వంతైనా ఈ పర్యవసానం గురించి రాయలేదు. ఇలా అన్నంత మాత్రాన ఆర్డినెన్స్ తేవడమే తప్పని కాదు. 2006లోనే కృష్ణా జిల్లాలో వసూళ్ల దౌర్జన్యం మీద గగ్గోలు పుట్టి, కలెక్టరు యాభైకి పైగా శాఖలను మూయించిన చరిత్ర ఉంది. 2010 నాటికి ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. ఆ ఆగస్టులోనే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు స్టాక్ మార్కెట్లో కళకళలాడాయి. ఒకవైపు షేర్ల సంబరం, మరోవైపు ఊళ్లో చావులు చూసిన ఏ ప్రభుత్వమైనా చేతులు ముడుచుకు కూర్చోలేదు. నా ఫిర్యాదు ఆర్డినెన్స్ మీద కాదు. ఆ సంక్షోభం నుంచి రిజర్వు బ్యాంకు నేర్చుకున్న పాఠం సగమే అన్నదే నా ఫిర్యాదు.

రిజర్వు బ్యాంకు వై.హెచ్. మాలెగాం అధ్యక్షతన ఉపసంఘం వేసింది. 2011 జనవరిలో నివేదిక వచ్చింది, ఆ ఏడాది చివర్లో సూక్ష్మ రుణ సంస్థలకు విడిగా ఒక తరగతి ఏర్పడింది. వడ్డీకి పరిమితి, ఒక మనిషికి రెండు సంస్థలకు మించి అప్పివ్వరాదన్న నిబంధన, మొత్తం అప్పుకు కట్టడి, గ్రామాల్లో ఏడాది ఆదాయం 60,000, పట్టణాల్లో 1,20,000 రూపాయలు దాటని కుటుంబాలకే అప్పు. అన్నీ అవసరమైనవే. కానీ అన్నీ అప్పు వైపు నుంచి చూసినవి. అప్పు తీర్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, అది వచ్చే దారి మూసుకుపోతే ఏమవుతుంది అన్న వైపు నుంచి చూసినవి కావు.

2022 మార్చిలో ఈ చట్రాన్ని మార్చారు. వడ్డీ పరిమితి ఎత్తేశారు. ఏడాది ఆదాయం 3 లక్షల రూపాయల లోపున్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేది సూక్ష్మ రుణం. ఆ కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. చదవడానికి చక్కని నిబంధన. కుటుంబ ఆదాయాన్ని రుణ నియంత్రణకు ఇరుసుగా చేసిన నిబంధన కూడా ఇదే. కానీ ఆ ఆదాయాన్ని లెక్క కట్టేది ఎవరు? అప్పిచ్చే సంస్థ ఉద్యోగి. అతనికి నెలకు ఇన్ని అప్పులు ఇప్పించాలన్న లక్ష్యం ఉంటుంది. కూలికి రసీదు ఉండదు. అప్పు అడిగే మహిళ ఎంత చెబితే అంత, లేదా అప్పు మంజూరు కావాలంటే ఎంత రాయాలో అంత. 50 శాతం పరిమితి ఎంత గట్టిదైనా, దేనిలో 50 శాతం అన్నది ఆ కాగితం మీదే తేలుతుంది.

పైగా దేశమంతటికీ ఒకే 3 లక్షల గీత. రిజర్వు బ్యాంకు ఏటా వేసే రాష్ట్రాల గణాంకాల పుస్తకంలోనే చూడండి. 2022-23లో కేరళ గ్రామాల్లో వ్యవసాయ కూలీకి రోజుకు సగటున 764 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 229 రూపాయలు, దేశ సగటు 345 రూపాయల పైచిలుకు. ఏడాదికి 200 రోజులు పని దొరికిందనుకుంటే కేరళలో లక్షన్నర, మధ్యప్రదేశ్‌లో 46,000 కూడా రాదు. ఈ అంకెలు అచ్చువేసేదీ రిజర్వు బ్యాంకే, ఆ 3 లక్షల గీత గీసేదీ రిజర్వు బ్యాంకే. ఒక గదిలోని కాగితం పక్క గదిలోకి వెళ్లినట్టు లేదు.

ఆ పక్క గదుల సంగతి కాస్త చెప్పుకోవాలి. రిజర్వు బ్యాంకులో ఉపాధి గురించి పరిశోధన లేదనడం అన్యాయం. రెండు నెలలకోసారి వినియోగదారుల విశ్వాస సర్వే చేస్తుంది. హైదరాబాదు సహా పెద్ద నగరాల్లో ఇళ్లకు వెళ్లి, ఏడాది కిందటితో పోలిస్తే ఉద్యోగాల పరిస్థితి మెరుగైందా, దిగజారిందా, మీ ఆదాయం పెరిగిందా అని అడుగుతుంది. విదేశాల నుంచి డబ్బు ఎవరు, ఎక్కడికి పంపుతున్నారో లెక్కగట్టే సర్వే మరొకటి. ఇక అందరి నోళ్లలో నానింది ‘క్లెమ్స్’. పెట్టుబడి, శ్రమ, ఇంధనం, ముడిసరుకు, సేవలు అనే ఐదు ఉత్పాదకాలను 27 పరిశ్రమల వారీగా కొలిచే గణాంక నిధి అది.

క్లెమ్స్‌కు రాజకీయ ఖ్యాతి 2024 జూలైలో వచ్చింది. దేశంలో సరిపడా ఉద్యోగాలు పుట్టడం లేదని ఒక విదేశీ బ్యాంకు నివేదిక అన్న రోజులవి. కేంద్ర కార్మిక శాఖ క్లెమ్స్ అంకెలనే ఎత్తి చూపి ఖండించింది. అదే సమయంలో వచ్చిన రిజర్వు బ్యాంకు తాత్కాలిక అంచనాల ప్రకారం ఉపాధి పొందుతున్నవారు 2022-23లో 59.67 కోట్లు, 2023-24లో 64.33 కోట్లు. ఒక్క ఏడాదిలో నాలుగున్నర కోట్లకు పైగా కొత్తగా పనిలోకి వచ్చారన్నమాట. నిజంగా అన్ని ఉద్యోగాలు పుట్టి ఉంటే దేశంలో కూలి మనిషి దొరకడమే గగనమై, కూలి రేట్లు భగ్గుమనాలి. అలా జరగలేదు.

క్లెమ్స్ తప్పు చెప్పిందని కాదు. అది ఉత్పాదకతను కొలవడానికి తయారైన సాధనం. ఉపాధి సంఖ్యను అది సొంతంగా సేకరించదు, జాతీయ గణాంక కార్యాలయం చేసే శ్రామిక శక్తి సర్వే నిష్పత్తులను జనాభా అంచనాలకు అన్వయించి తీసుకుంటుంది. ఆ సర్వే లోపలికి వెళితే అసలు కథ ఉంది. స్వయం ఉపాధిలో ఉన్నవారు 2017-18లో 52.2 శాతం, 2023-24లో 58.4 శాతం. నెల జీతగాళ్లు 22.8 నుంచి 21.7 శాతానికి జారారు. ఇంటి వ్యాపారంలో, ఇంటి సేద్యంలో జీతం లేకుండా సాయపడేవారు 13.6 నుంచి 19.4 శాతానికి పెరిగారు. మహిళల శ్రామిక భాగస్వామ్యం 23.3 నుంచి 41.7 శాతానికి ఎగబాకింది. దీన్ని మహిళా విప్లవంగా చెప్పుకునేవారు ఉన్నారు. నాకంత ఉత్సాహం లేదు. గేదెలకు గడ్డి వేసి, పాలు పితికి, కిరాణా కొట్టులో భర్త భోజనానికి వెళ్లినప్పుడు కూర్చునే ఆమె ఎప్పుడూ పనిచేస్తూనే ఉంది, ఇప్పుడు లెక్కలోకి వచ్చింది. లెక్కలోకి రావడం న్యాయమే. కానీ ఆమె పేరు మీద తీసుకున్న అప్పుకు వాయిదా కట్టే రోజున ఆ లెక్క ఆమెకు ఒక్క రూపాయీ ఇవ్వదు.

నిరుద్యోగ రేటు అనే అంకెను చూసి మనదేశంలో రుణ భద్రతను అంచనా వేయలేకపోవడానికి కారణం ఇదే. 2017-18లో 6.1 శాతం ఉన్న నిరుద్యోగిత 2023-24లో 3.2 శాతానికి దిగింది. అదే కాలంలో నెలజీతం తీసుకునే మగవారి నిజ వేతనం, అంటే ధరల పెరుగుదలను తీసేశాక మిగిలేది, నెలకు 12,665 నుంచి 11,858 రూపాయలకు పడిపోయిందని 2024-25 ఆర్థిక సర్వేనే చెప్పింది. స్వయం ఉపాధిలోని మహిళల ఆదాయమైతే 4,348 నుంచి 2,950 రూపాయలకు దిగింది. నిరుద్యోగం సగమైంది, ఆదాయం మాత్రం తరిగింది. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి నిరుద్యోగిగా ఉండలేడు. పని పోతే బండి పెట్టుకుంటాడు, ఆటో తోలతాడు, యాప్‌లో పేరు నమోదు చేసుకుని పొట్లాలు మోస్తాడు, లేదా ఊరికి తిరిగి వెళ్లి అన్న పొలంలో చెయ్యేస్తాడు. సర్వేకు వచ్చినవారు అతణ్ని ఉపాధి ఉన్నవాడి కిందే రాసుకుంటారు. ఈఎంఐ మాత్రం పాత జీతాన్ని బట్టి నిర్ణయమైంది.

ఇప్పుడు అప్పు వైపు చూద్దాం. రిజర్వు బ్యాంకు ఏడాదికి రెండుసార్లు ఆర్థిక స్థిరత్వ నివేదిక వెలువరిస్తుంది. ఈ ఆనవాయితీ 2010 మార్చిలో మొదలైంది. 2025 జూన్ నివేదిక ప్రకారం బ్యాంకుల స్థూల మొండి బకాయిలు 2.3 శాతం, దశాబ్దాల కనిష్ఠ స్థాయి. 2018 మార్చిలో ఇవి 11 శాతం పైన ఉండేవి. ఇది చిన్న విజయం కాదు. కానీ అదే నివేదికలో మరో అంకె ఉంది. అప్పున్న ఒక్కో వ్యక్తి మీద సగటు భారం 2023 మార్చిలో 3.9 లక్షలు, రెండేళ్లలో 4.8 లక్షల రూపాయలైంది. కుటుంబాల మొత్తం అప్పులో ఇంటి రుణం కానివి, ఎక్కువగా వినియోగానికే వాడేవి, 54.9 శాతం. సూక్ష్మ రుణాల్లో నెల దాటి ఆర్నెల్ల లోపు వాయిదాలు ఆగినవి 2024 సెప్టెంబరులో 4.3 శాతం, 2025 మార్చికి 6.2 శాతం. తరిగే ఆదాయం, పెరిగే అప్పు. ఈ రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీసి చూపిన పేజీ మాత్రం నివేదికలో లేదు.

అప్పు వైపు రిజర్వు బ్యాంకు చురుగ్గానే ఉంది, ఒప్పుకోవాలి. 2023 నవంబరు 16న హామీ లేని వినియోగ రుణాల రిస్క్ వెయిటును 100 నుంచి 125 శాతానికి పెంచింది. బ్యాంకు 100 రూపాయలు అప్పిస్తే అంతకుముందు కనీసం 9 రూపాయల మూలధనం పక్కన ఉంచితే సరిపోయేది, ఆ తర్వాత 11 రూపాయల పావలా ఉంచాల్సి వచ్చింది. అప్పుల జోరు తగ్గింది. 2025 ఫిబ్రవరిలో సూక్ష్మ రుణాల వరకు సడలించారు. 2024 డిసెంబరు నివేదిక ఇంకో ముఖ్యమైన విషయం చెప్పింది. క్రెడిట్ కార్డు, వ్యక్తిగత రుణం తీసుకున్నవారిలో సగం మందికి ఇంటి రుణమో వాహన రుణమో కూడా ఉంది. చిన్న అప్పు ఒకటి మొండి బకాయి అయితే అదే బ్యాంకులో ఆ మనిషి పేరున ఉన్న పెద్ద అప్పు కూడా మొండి బకాయిగా మారుతుంది. యాభై వేల అప్పు యాభై లక్షల అప్పును ముంచేసే ప్రమాదం ఇది. కానీ ఆ యాభై వేలు ఎందుకు ఆగుతుంది? దురాశతో తీసుకున్నాడనో, బుద్ధి లేక తీసుకున్నాడనో మన సంభాషణలు సాగుతుంటాయి. చాలాసార్లు కారణం అంతకంటే మామూలుది. ఆ నెల పని లేదు.

ఇందుకు 2019 ఆంధ్రప్రదేశ్ ఉదాహరణ చాలు. ఇసుక దొరక్క నెలల తరబడి నిర్మాణాలు నిలిచిపోయాయి. తాపీ మేస్త్రీ నుంచి ఇనుప చువ్వలు కట్టే మనిషి దాకా పని పోయింది. రాష్ట్ర స్థూల ఉత్పత్తి అంకెల్లో ఆ గాయం సరిగా కనిపించదు. వడ్డీ రేట్లలో కనిపించదు. ద్రవ్యోల్బణంలో అసలే కనిపించదు. అయినా వేల ఇళ్లలో వాయిదాలు ఆగడానికి అది చాలిన కారణం. ఒక కూలీ కుటుంబానికి ఆర్థిక మాంద్యం అంటే జీడీపీ రెండు త్రైమాసికాలు తగ్గడం కాదు, వరసగా ఆరు వారాలు అడ్డా మీద నిలబడి ఉత్త చేతులతో ఇంటికి రావడం.

రిజర్వు బ్యాంకు చేసే ఒత్తిడి పరీక్షలకు ఈ మాంద్యం అందదు. బ్యాంకులు ఎంత దెబ్బకు తట్టుకుంటాయో తేల్చడానికి ఆర్థిక స్థిరత్వ నివేదికలో ఒక మామూలు పరిస్థితిని, రెండు ప్రతికూల పరిస్థితులను ఊహించి లెక్క వేస్తారు. జీడీపీ వృద్ధి ఇంత తగ్గితే, ద్రవ్యోల్బణం ఇంత పెరిగితే, వడ్డీ రేట్లు ఇలా ఉంటే అని. ఉపాధికి, వేతనానికి ఆ ఊహల్లో పాత్ర లేదు. అమెరికా ఫెడరల్ రిజర్వు ఏటా పెద్ద బ్యాంకులకు పెట్టే పరీక్ష చూడండి. 2025 తీవ్ర ప్రతికూల పరిస్థితిలో మొదట చెప్పే అంకె నిరుద్యోగిత 10 శాతానికి చేరడం. ఇళ్ల ధరలు, షేర్ల ధరలు ఆ తర్వాతే. అమెరికా కేంద్ర బ్యాంకుకు 1977 నుంచి చట్టమే గరిష్ఠ ఉపాధిని లక్ష్యంగా పెట్టింది, కాబట్టి ఉద్యోగాలు చూస్తుంది అనుకోవచ్చు. ఉపాధి ప్రధాన లక్ష్యం కాని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పరీక్షల్లోనూ నిరుద్యోగిత ప్రధాన అంకె. కారణం సేవా భావం కాదు. ఉద్యోగం పోయినవాడు అప్పు కట్టలేడు, అంతే.

2008 తర్వాత అమెరికా పరిశోధనలు అప్పుకూ పనికీ మధ్య ఉన్న ముడిని తవ్వి చూపాయి. అతిఫ్ మియన్, అమీర్ సూఫీలు ఇళ్ల విలువ కూలిన కౌంటీల్లో స్థానిక వ్యాపారాల ఉద్యోగాలు ఎక్కువగా పోయాయని తేల్చారు. గాబ్రియెల్ చోడోరో-రైక్ బలహీనపడిన బ్యాంకులతో అప్పు సంబంధాలున్న కంపెనీలు ఎక్కువ మందిని తీసేశాయని చూపారు. దారులు రెండు: అప్పు ఆగితే పని పోతుంది, పని పోతే వాయిదా ఆగుతుంది. మన దేశంలో మొదటి దారికి సాక్ష్యం 2010 ఆంధ్రప్రదేశ్ ఇచ్చింది. రెండో దారిని కొలవాల్సిన సంస్థ కొలవడం లేదు.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి ఆక్షేపణ తెలిసిందే. ఉద్యోగాలు ప్రభుత్వం పని, రిజర్వు బ్యాంకు పని ధరలను అదుపులో ఉంచడం. 2016లో సవరించిన చట్టం ప్రకారం లక్ష్యం 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు, వృద్ధిని కూడా దృష్టిలో పెట్టుకోవాలి. ఉపాధి ప్రస్తావన లేదు. నిజమే. రెపో రేటును కూలి రేటును బట్టి నిర్ణయించమని నేనూ అడగడం లేదు. బ్యాంకుల భద్రత మాత్రం నిస్సందేహంగా రిజర్వు బ్యాంకు పనే. కుటుంబాలకు ఇచ్చిన అప్పు ఎంత భద్రంగా ఉందో తెలియాలంటే ఆ కుటుంబం సంపాదన తెలియాలి. రైతు రుణం సంగతే తీసుకోండి. 2019 నాటి జాతీయ సర్వేలో వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం సగటున 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798, కూలి, జీతాల మీద వచ్చింది 4,063. రైతు కూడా సగటున పొలం కంటే రెక్కల మీదే ఎక్కువ సంపాదిస్తున్నాడు. పంట రుణమని మనం పిలిచేది చాలా ఇళ్లలో కూలి డబ్బుతో తీరుతోంది. అదే సర్వే ప్రకారం అప్పుల్లో ఉన్న వ్యవసాయ కుటుంబాలు దేశంలో సగం, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. రుణమాఫీల మీద రెండు రాష్ట్రాల్లో జరిగిన చర్చంతా పంట చుట్టూ, గిట్టుబాటు ధర చుట్టూ తిరిగింది. ఊళ్లో కూలి రేటు ఆ చర్చలో అతిథిగా కూడా రాలేదు.

నగరంలో ఉన్నవారికి ఇది దూరపు గొడవగా తోచవచ్చు. తోచకూడదు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించింది. సెప్టెంబరులో అమెరికా హెచ్1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన విదేశీ పంపకాల్లో అమెరికా వాటా 27.7 శాతం, అన్ని దేశాల్లోకీ ఎక్కువ. తెలంగాణకు చేరింది 8.1 శాతం. హైదరాబాదు పడమటి శివార్లలోని ఎన్నో ఫ్లాట్ల ఈఎంఐ టెక్సాస్‌లోని, న్యూజెర్సీలోని జీతం మీద నడుస్తోంది. పిల్లవాడి చదువు రుణం తీరడమూ అక్కడ దొరికే ఉద్యోగం మీదే ఆధారపడింది. గృహ రుణాలు అన్నిటికంటే భద్రమైనవని బ్యాంకులు చెప్పుకుంటాయి, ఇల్లు తాకట్టులో ఉంటుంది కాబట్టి. ఒకే ప్రాంతంలో, ఒకే పరిశ్రమలో, ఒకే దేశపు వీసా మీద ఆధారపడ్డ వేల ఫ్లాట్లు ఒకేసారి అమ్మకానికి వస్తే ఆ తాకట్టు విలువ ఎంత? ఇలాంటి ప్రశ్నకు దేశవ్యాప్త జీడీపీ ఊహతో చేసిన పరీక్ష జవాబివ్వలేదు.

రెండో ఆక్షేపణ గణాంకాల గురించి. నిన్నమొన్నటి దాకా ఇది బలమైనదే. శ్రామిక శక్తి సర్వే గ్రామాలకు ఏడాదికోసారే వచ్చేది, అదీ ఆలస్యంగా. 2025 జనవరి నుంచి సర్వే తీరు మారింది. గ్రామం, పట్టణం రెండింటికీ నెలనెలా అంకెలు వస్తున్నాయి, ఏప్రిల్ నెల ఫలితంతో మొదలుపెట్టి. నమూనా ఎంపికకు జిల్లాను ప్రాతిపదికగా తీసుకుంటున్నారు. లేబర్ బ్యూరో నెలనెలా గ్రామీణ కూలి రేట్లు ఇస్తోంది. భవిష్య నిధి సంస్థ జీతగాళ్ల చేరికల లెక్క ఇస్తోంది. రుణ సమాచార సంస్థల దగ్గర ఎవరు ఏ జిల్లాలో ఎన్ని రోజులు వాయిదా ఆపారో ఉంది. రిజర్వు బ్యాంకులోని ఆర్థిక పరిశోధన విభాగం వీటిలో చాలావాటిని చూస్తుంది, ఆర్థిక స్థిరత్వ విభాగం మిగతావాటిని చూస్తుంది. ఈ రెండు విభాగాల మధ్య గోడ గణాంకాల కొరత వల్ల లేచింది కాదు, అలవాటు వల్ల లేచింది.

అయితే ఫెడరల్ రిజర్వును మక్కీకి మక్కీ దించితే ప్రయోజనం లేదు. పైన చెప్పిన కారణాల వల్ల నిరుద్యోగిత 10 శాతం అనే ఊహకు మన దగ్గర అర్థం లేదు. మనకు కావలసిన ఊహలు వేరు. నిర్మాణ రంగంలో పని దినాలు మూడో వంతు తగ్గితే? గ్రామీణ నిజ కూలి రెండేళ్లు వరసగా పెరగకపోతే? ఐటీలో కొత్తగా చేరేవారు సగానికి పడితే? ఒక్కో ఊహకు ఏయే రకం అప్పు, ఏయే జిల్లాలో, ఎంత ఆగుతుంది? దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సర్వే అక్కర్లేదు.

మొదలుపెట్టడానికి సూక్ష్మ రుణాలే తగినవి, ఎందుకంటే అక్కడ తాకట్టు లేదు, తీర్చేదంతా రోజువారీ సంపాదనే. బీహారు, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, కర్ణాటక, పశ్చిమ బెంగాల్ ఇప్పుడు ఈ అప్పులకు ప్రధాన కేంద్రాలు. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక వసూళ్ల దౌర్జన్యం మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు పదిహేనేళ్ల కిందటి హైదరాబాదు గుర్తురాని బ్యాంకరు ఉండడు. ఆ రాష్ట్రంలో వసూళ్లు ఆగితే మరే రాష్ట్రంలో కూలి తగ్గుతుందో కనీసం ఈసారి ముందే లెక్కగట్టవచ్చు. పద్ధతి బ్రెజా, కిన్నన్‌లు చూపించే ఉన్నారు.

తెలుగు రాష్ట్రాలకు మాత్రం ఈ లెక్క విడిగా చేయాలి. 2010 తర్వాత ఇక్కడ సూక్ష్మ రుణ సంస్థలు చాలాకాలం అడుగు పెట్టలేదు. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని సంస్థలకు 2010 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పాకే తలుపు తిరిగి తెరుచుకుంది. ఆ మధ్యకాలంలో అప్పు మాయం కాలేదు, ఇల్లు మారింది. కొంత డ్వాక్రా సంఘాల బ్యాంకు రుణాల్లోకి, కొంత ఊరి వడ్డీ వ్యాపారి నోటులోకి, మరికొంత బంగారం తాకట్టులోకి వెళ్లింది. సంఘాల వసూళ్లు బాగుంటాయి, కానీ తోటి సభ్యురాలి వాయిదాను చేబదులు ఇచ్చి కట్టిన సందర్భాలు బ్యాంకు పుస్తకంలో కనబడవు. వడ్డీ వ్యాపారి నోటు ఏ రుణ సమాచార సంస్థకూ అందదు. బంగారం ధర పెరుగుతున్నంతకాలం తాకట్టు అప్పు తిరగరాసుకుంటూ పోవచ్చు, మొండి బకాయి అన్న మాటే రాదు. 2024-25లో దేశంలో ఆభరణాల మీద బ్యాంకు అప్పులు దాదాపు రెట్టింపయ్యాయి. అందులో కొంత వర్గీకరణ మార్పు వల్ల, కొంత బంగారం ధర వల్ల. కూలి తగ్గడం వల్ల ఎంత అన్నది ఎవరూ విడదీయలేదు. 2026 ఏప్రిల్ నుంచి రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని కొత్త నిబంధన. అంటే ధర దిగిన రోజున అప్పిచ్చినవారికి మిగిలే రక్షణ ఇంకాస్త పలచనవుతుంది, విడిపించుకోవడానికి కావలసిన కూలి రోజులు ఇంకాస్త పెరుగుతాయి. ఒత్తిడి పరీక్షలో రిజర్వు బ్యాంకు కూలిని ఊహగా చేర్చేటప్పుడు ఈ రెండు రాష్ట్రాల్లో వాయిదాల ఎగవేతతో పాటు తిరగరాసిన తాకట్లను, వేలానికి వెళ్లిన నగలను కూడా లెక్కించాలి. ఇక్కడ పని తగ్గినప్పుడు మొదట కదిలేవి అవే.